బెంగళూరులో ఉద్యోగం చేస్తూ ఆన్‌లైన్‌లో అదనపు ఆదాయం చూసుకునే తెలుగు అమ్మలకు: తరచుగా అడిగే ప్రశ్నలు

మారతహళ్లి, బెళ్లందూరు, వైట్‌ఫీల్డ్, ఎలక్ట్రానిక్ సిటీ. ఏ అపార్ట్‌మెంట్ పార్కులోనైనా నలుగురు తెలుగు అమ్మలు కూర్చుంటే స్కూలు ఫీజులు, డేకేర్ ఖర్చుల తర్వాత వచ్చే మాట ఒకటే: "ఇంటినుంచి ఇంకాస్త సంపాదించే దారి ఉందా?" అడిగే మనుషులు మారుతుంటారు కానీ సందేహాలు మాత్రం అవే. అందుకే అన్నిటినీ ఒకచోట రాశాను. మీకు ఏ దశలో సందేహం ఉంటే అక్కడికే నేరుగా వెళ్లండి, మొదటినుంచీ చదవక్కర్లేదు.

## మొదలుపెట్టే ముందు

ఆఫీసు, వంట, పిల్లలు అన్నీ అయ్యాక నాకు మిగిలేది ఒక్క గంట. దాంతో ఏమైనా సంపాదించగలనా?

సంపాదించగలరు, కానీ ఆ గంట ఎలాంటిదో ముందు చూసుకోవాలి. పిల్లలు పడుకున్నాక రాత్రి పదింటికి దొరికే గంటలో ఒళ్లు అలిసిపోయి ఉంటుంది. ఆ సమయంలో తలపెట్టి చేసే పని ఒప్పుకుంటే నెల తిరిగేలోపు మానేస్తారు. శనివారం ఉదయం పిల్లల్ని వాళ్ల నాన్న చూసుకునే రెండు గంటలు, ఇంటినుంచి పనిచేసే రోజున సిల్క్ బోర్డు ట్రాఫిక్ తప్పడం వల్ల మిగిలిన గంట, ఇలాంటివి గట్టి గంటలు. ఒక వారం పాటు మీ గంటలు ఎక్కడ పోతున్నాయో కాగితం మీద రాయండి. వారానికి నాలుగైదు గట్టి గంటలు కనిపిస్తే చాలు. నిద్రలోంచి మాత్రం తీయకండి. అలా తీసిన గంట మర్నాడు ఆఫీసులోనో, పిల్లల మీద విసుగులోనో బయటపడుతుంది.

నాకు ప్రత్యేకంగా స్కిల్స్ ఏమీ లేవండి. నేనేం చేయగలను?

ఈ మాట అన్నవాళ్లలో చాలామంది ఆఫీసులో జీతాల లెక్కలు చూస్తారు, ఎక్సెల్‌లో రిపోర్టులు కడతారు, కొత్తగా చేరినవాళ్లకు ట్రైనింగ్ ఇస్తారు. రోజూ చేసే పని కావడంతో అది నైపుణ్యమనే అనిపించదు. "నన్ను జనం ఏ సాయం అడుగుతుంటారు?" అని ఆలోచించండి. రెజ్యూమే దిద్దిపెట్టమనా, పిల్లాడికి లెక్కలు చెప్పమనా, పెళ్లి చీరకు బ్లౌజ్ డిజైన్ చూడమనా? పైసా తీసుకోకుండా మీరు ఇప్పటికే చేసిపెడుతున్న ఆ సాయంలోనే మీకు డబ్బు తెచ్చే పని ఉంటుంది. కొత్త విద్య నేర్చుకుని మొదలుపెట్టడం కన్నా, వచ్చిన పనిని నలుగురికి కనిపించేలా పెట్టడమే త్వరగా ఫలిస్తుంది.

కంపెనీకి తెలిస్తే ఉద్యోగం పోతుందా?

పోవచ్చు. అందుకే మొదట మీ అపాయింట్‌మెంట్ లెటర్ తీసి చదవండి. 'ఇతర ఉద్యోగం', 'ఇతర వ్యాపారం', 'కంపెనీ ప్రయోజనాలకు విరుద్ధం' అనే మాటలు ఉన్న పేరాలు చూడండి. కొన్ని కంపెనీలు పోటీ సంస్థలకు చేసే పనిని మాత్రమే వద్దంటాయి, కొన్ని రాతపూర్వక అనుమతి లేకుండా ఏ సంపాదనా కూడదంటాయి.

2022లో ఈ ఊళ్లో మూన్‌లైటింగ్ (ఉద్యోగంలో ఉంటూనే బయట మరో పని చేయడం) మీద జరిగిన గొడవ గుర్తుండే ఉంటుంది. పోటీ సంస్థలకు పనిచేస్తున్నారని విప్రో 300 మందిని తీసేసింది. ఇన్ఫోసిస్ మొదట గట్టిగా హెచ్చరించింది, తర్వాత అదే ఏడాది అక్టోబరులో, మేనేజర్ అనుమతి తీసుకుని, కంపెనీకీ క్లయింట్లకూ పోటీ కాని గిగ్ పనులు చేసుకోవచ్చంది. స్విగ్గీ ఏకంగా బయటి పనులకు వీలిచ్చే ఒక పాలసీయే ప్రకటించింది. ఈ మూడూ బెంగళూరు కంపెనీలే, అయినా మూడింటిదీ మూడు దారులు. కాబట్టి పక్కింటావిడ కంపెనీలో కుదిరిందని మీ కంపెనీలోనూ కుదురుతుందనుకోవద్దు.

మీరు సాఫ్ట్‌వేర్‌లో ఉండి సాఫ్ట్‌వేర్ పనే బయట చేస్తే ప్రమాదం ఎక్కువ. అదే సంగీతమో, ట్యూషనో, పొడుల అమ్మకమో అయితే హెచ్ఆర్‌కి ఒక మెయిల్ పెట్టి అనుమతి అడగడం మంచిది. జవాబు రాతలో ఉండాలి. ఆఫీసు ల్యాప్‌టాప్, ఆఫీసు మెయిల్, ఆఫీసు సమయం, ఈ మూడింటినీ ఈ పనికి అసలు వాడకండి. ప్రభుత్వ ఉద్యోగులకు ప్రవర్తనా నియమాలు ఉంటాయి కనుక ముందస్తు అనుమతి లేకుండా అడుగు వేయొద్దు.

మెటర్నిటీ లీవ్‌లో ఉన్నాను. ఖాళీగానే ఉన్నాను కదా, ఇప్పుడే మొదలుపెట్టనా?

జీతంతో కూడిన ప్రసూతి సెలవులో ఉన్నప్పుడు మరో సంస్థలో పనిచేస్తే ఆ కాలానికి ప్రసూతి ప్రయోజనం పోతుందని చట్టంలోనే రాశారు. డబ్బు తీసుకునే పని ఈ 26 వారాల్లో వద్దనే నా సలహా. పైగా బాలింత ఒళ్లు ఖాళీగా ఉన్నట్టు కాదు. ఏం చేయాలో ఆలోచించుకోవడం, ఒకరిద్దరితో మాట్లాడి తెలుసుకోవడం వరకు చాలు.

ముందు ఏదైనా కోర్సు కొనాలా?

మొదటి సంపాదన వచ్చేదాకా వద్దు. "నెలకు లక్ష సంపాదించే కోర్సు" అమ్మేవాళ్లకు ఆ కోర్సు అమ్మకమే సంపాదన. నేర్చుకోవాల్సింది ఉంటే ఉచితంగా దొరికేవాటితో మొదలుపెట్టండి. పని వస్తున్నప్పుడు ఫలానా చోట నాకు లోటుందని స్పష్టంగా తెలిశాక, ఆ ఒక్కదానికే డబ్బు పెట్టండి.

## పని ఎంచుకునేటప్పుడు

ఇన్ని పనులు చెబుతారు, ఉద్యోగం చేసే అమ్మకు నిజంగా సరిపోయేది ఏది?

మూడు విషయాలు చూడండి. సమయం మీ చేతిలో ఉందా? పిల్లాడికి జ్వరం వస్తే రెండు రోజులు వాయిదా వేసే వీలుందా? ఒకసారి వచ్చినవాళ్లు మళ్లీ మళ్లీ వస్తారా? మొదటి రెండూ లేని పని ఎంత డబ్బు తెచ్చినా మనకు నిలవదు. రోజూ సాయంత్రం ఏడింటికి కచ్చితంగా ఫోన్ ఎత్తాల్సిన కస్టమర్ సపోర్ట్ పని అలాంటిదే.

నాకు నచ్చేవి వారాంతపు క్లాసులు, రెజ్యూమే లేదా లింక్డ్‌ఇన్ ప్రొఫైల్ దిద్దడం, చిన్న దుకాణాల జీఎస్టీ లెక్కలు చూడడం, గడువు రోజుల్లో ఉండే రాతపని. బెంగళూరుకే ప్రత్యేకమైన ఇంకో అవకాశం ఉంది. కర్ణాటకలో 2015 చట్టం ప్రకారం బడుల్లో కన్నడ నేర్పాలి. హైదరాబాదు, విజయవాడ నుంచి వచ్చిన ఇళ్లలో పిల్లాడి కన్నడ హోంవర్క్ చూసేవాళ్లే ఉండరు. మీరు కోలారులోనో, బళ్లారిలోనో, ఇక్కడే బెంగళూరులోనో కన్నడ చదువుకుని పెరిగినవారైతే ఆ ఇళ్లకు మీరు ఎంతో అవసరం. రెండు లిపులూ దగ్గరివే కాబట్టి తెలుగు అక్షరాలు వచ్చిన పిల్లాడికి కన్నడ అక్షరాలు చెప్పడం తేలిక. ఆ పోలికలు చూపిస్తూ చెప్పడం రెండు భాషలూ వచ్చిన టీచరుకే కుదురుతుంది.

అమెరికాలో ఉన్న తెలుగు పిల్లలకు క్లాసులు చెప్పాలనుంది. టైమింగ్స్ ఎలా కుదురుతాయి?

శని, ఆదివారాలు పెట్టుకుంటే బాగా కుదురుతాయి. న్యూజెర్సీలో శనివారం ఉదయం 9 అయితే మనకు అదే రోజు సాయంత్రం 6.30. కాలిఫోర్నియాలో ఉదయం 9 అంటే మనకు రాత్రి 9.30. ఇవి వేసవి లెక్కలు. నవంబరు మొదటి ఆదివారం నుంచి మార్చి రెండో ఆదివారం దాకా అక్కడ గడియారం ఒక గంట వెనక్కి జరుపుతారు కనుక మన సమయం ఒక గంట ఆలస్యమవుతుంది. ఈ మార్పు ముందే చెప్పుకోకపోతే ఆ రెండు వారాంతాల్లో క్లాసులు తప్పిపోతాయి.

వారం మధ్యలో మాత్రం కష్టమే. కాలిఫోర్నియా పిల్లలకు సాయంత్రం 6 అంటే మనకు మర్నాడు ఉదయం 6.30. మన ఇంట్లో అది టిఫిన్ బాక్సులు, స్కూల్ బస్సు హడావిడి. న్యూజెర్సీ సాయంత్రం ఏడింటికైతే మనకు తెల్లవారుజామున 4.30. లండన్ వాళ్లకు బడి అయ్యాక సాయంత్రం 4.30 అంటే వేసవిలో మనకు రాత్రి 9, చలికాలంలో రాత్రి 10. సింగపూర్ పిల్లలకు ఆదివారం ఉదయం 10 అంటే మనకు 7.30. పొద్దున్నే నిద్ర లేచే అలవాటున్నవాళ్లకు అన్నిటికన్నా సుఖమైన సమయం అదే.

పచ్చళ్లు, పొడులు, సున్నుండలు చేసి వాట్సాప్‌లో అమ్ముదామనుకుంటున్నాను. లైసెన్స్ కావాలా?

కావాలి. ఇంట్లో చేసి అమ్మినా అది ఆహార వ్యాపారమే. ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రత చూసే ప్రభుత్వ సంస్థ) రిజిస్ట్రేషన్ తీసుకోవాలి. ఫాస్కాస్ అనే ప్రభుత్వ పోర్టల్‌లో మీరే దరఖాస్తు పెట్టుకోవచ్చు, ఏజెంటుకి వేలకు వేలు ఇవ్వనక్కర్లేదు. వచ్చే 14 అంకెల నంబరును ప్యాకెట్ మీద వేయాలి. స్విగ్గీ, జొమాటోల్లో చేరాలన్నా ముందు అడిగేది ఆ నంబరే. ప్యాకెట్ మీద ఏమేం వేశారో, ఎప్పుడు చేశారో, ఎప్పటిలోపు తినాలో రాయండి. వేరుశనగ, నువ్వులు, జీడిపప్పు ఉంటే తప్పకుండా రాయండి, అవి పడని పిల్లలుంటారు.

ఉద్యోగం చేస్తూ ఈ పని పెట్టుకునేవాళ్లు రోజువారీ టిఫిన్ ఆర్డర్ల జోలికి వెళ్లకపోవడమే మేలు. కందిపొడి, కారప్పొడి, నల్లకారం లాంటి నిల్వ ఉండేవి నెలకు రెండు ఆదివారాలు చేసుకుంటే సరిపోతుంది. అద్దె ఇల్లయితే అగ్రిమెంట్‌లో 'నివాసానికి మాత్రమే' అని రాసి ఉంటుంది, ఓనర్‌తో ఒక మాట చెప్పుకోండి. అసోసియేషన్ నియమాలూ చూసుకోండి.

చీరలు రీసెల్లింగ్ చేస్తే పెట్టుబడి లేకుండా లాభం అంటున్నారు, నిజమేనా?

సరుకు కొని ఇంట్లో పెట్టుకోనక్కర్లేదన్నది నిజం. కానీ ఫొటోలో కనిపించిన రంగు, వచ్చిన రంగు వేరైతే మాట పడేది మీరు. రిటర్న్‌లు, మార్చి పంపడాలు, "ఇంకో ఫొటో పెట్టండి" అనే మెసేజ్‌లకు పోయే సమయాన్ని ఎవరూ లెక్కేయరు. బట్ట మీద నిజంగా అభిరుచి ఉండి, వెంకటగిరికీ మంగళగిరికీ తేడా చూడగానే చెప్పగలిగితే నలుగురిలో మీ మాటకు విలువ ఉంటుంది, అప్పుడు చేయండి. అది లేకపోతే ధర తగ్గించడమొక్కటే దారి అవుతుంది, దాంతో మిగిలేదేమీ ఉండదు.

యూట్యూబ్ ఛానల్ పెడితే ఎన్నాళ్లకు డబ్బులొస్తాయి?

ప్రకటనల ఆదాయం మొదలవ్వాలంటే వెయ్యిమంది సబ్‌స్క్రైబర్లు, దాంతోపాటు గత 12 నెలల్లో 4,000 గంటల వీక్షణ ఉండాలి. ఆ గంటలకు బదులు 90 రోజుల్లో షార్ట్స్‌కి కోటి వ్యూస్ వచ్చినా సరే. చాలామందికి ఇది ఏళ్ల పని. స్కూలు ఫీజు కోసం ఈ నెలే డబ్బు కావాలంటే ఇది దారి కాదు. క్లాసులు చెప్పేవాళ్లకు మాత్రం మూడు నాలుగు మంచి వీడియోలు పనికొస్తాయి, చేర్చే ముందు తల్లిదండ్రులు మీ బోధన చూస్తారు. వ్యూస్ కోసం పిల్లల ముఖం, స్కూలు యూనిఫాం, ఇంటి గేటు చూపించొద్దని చేతులు పట్టుకుని చెబుతున్నాను.

ఏఐ వచ్చాక అనువాదం, రాతపని ఇంకా మిగిలాయా?

మామూలు అనువాదానికి ధరలు పడిపోయాయి. యంత్రం చేసిన తెలుగును సరిదిద్దే పని మాత్రం పెరిగింది. యాప్‌ల తెలుగు సందేశాలు, సబ్‌టైటిళ్లు, ప్రకటనలు చదివి "ఇలా ఎవరూ అనరు" అని పట్టుకోగలిగే మనిషి కావాలి. ఏఐ కోసం తెలుగు వాక్యాలు రికార్డు చేయడం, జవాబులకు మార్కులు వేయడం వంటి పనులూ ఉన్నాయి. ఒక నెల నిండుగా వస్తాయి, మరుసటి నెల ఒక్కటీ రావు. వాటిని నమ్ముకుని ఈఎంఐ పెట్టుకోవద్దు.

## మోసాలు

హోటల్‌కి రేటింగ్ ఇస్తే 150 రూపాయలు అని మెసేజ్ వచ్చింది. నిజంగా డబ్బు కూడా పడింది. నమ్మొచ్చా?

నమ్మొద్దు. ఆ మొదటి డబ్బు ఎర. తెలియని నంబరు నుంచి వాట్సాప్‌లో పలకరిస్తారు, రెండు మూడు రేటింగులకు డబ్బు వేస్తారు, తర్వాత టెలిగ్రామ్ గ్రూపులోకి రమ్మంటారు. అక్కడ ఎందరో "నాకు ఇంతొచ్చింది" అని స్క్రీన్‌షాట్లు పెడుతుంటారు, వాళ్లంతా ఆ ముఠావాళ్లే. ఆపైన 'ప్రీపెయిడ్ టాస్క్' అంటారు: వెయ్యి కడితే పదమూడు వందలు. అదీ ఇస్తారు. తర్వాత పది వేలు, యాభై వేలు. వాళ్ల వెబ్‌సైట్‌లో మీ పేరు మీద లాభం పెరుగుతూ కనిపిస్తుంది కానీ తీసుకోబోతే "పన్ను కట్టాలి", "ఒక టాస్క్ తప్పు చేశారు, అందరి డబ్బూ ఆగిపోయింది" అంటారు.

ఇందులో పడేది తెలివి తక్కువవాళ్లు కాదు. ఇంజినీర్లు, బ్యాంకు ఉద్యోగులు కూడా పడుతున్నారు. పిల్లాణ్ని ఒళ్లో పడుకోబెట్టుకుని ఫోన్‌లో చేయగలిగే పని కావాలన్న మన అవసరాన్ని వాళ్లు కనిపెట్టారు, అంతే. పని ఇచ్చేవాడు మనకు డబ్బివ్వాలి. రిజిస్ట్రేషన్, డిపాజిట్, కిట్, అన్‌లాక్, ఏ పేరుతోనైనా మననుంచి డబ్బు అడిగాడంటే అక్కడితో ఆపేయండి.

డబ్బు కట్టేశాను. మా ఆయనకు చెప్పడానికి భయంగా ఉంది. ఇప్పుడేం చేయాలి?

వెంటనే 1930కి ఫోన్ చేయండి. అది జాతీయ సైబర్ క్రైమ్ హెల్ప్‌లైన్. డబ్బు వాళ్ల ఖాతాల్లో ఒకదాన్నుంచి మరోదానికి దూకేలోపు ఆపగలిగితేనే తిరిగొచ్చే ఆశ ఉంటుంది కనుక ఇక్కడ గంటలు కూడా ముఖ్యమే. లావాదేవీ నంబరు, తేదీ, మొత్తం దగ్గర పెట్టుకోండి. మీ బ్యాంకుకీ చెప్పండి. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయండి, చాట్‌లు డిలీట్ చేయకండి. "మీ డబ్బు మేం తెచ్చిపెడతాం, ఫీజు కట్టండి" అని తర్వాత వచ్చేవాళ్లు కూడా మోసగాళ్లే.

ఇంట్లో చెప్పండి. దాచిపెట్టి, పోయినదాన్ని రాబట్టాలని ఇంకా కట్టినవాళ్లే ఎక్కువ నష్టపోయారు. మోసపోవడం మీ తప్పు కాదు. ఆ రాత్రి పక్కన ఒక మనిషి ఉండాలి.

డేటా ఎంట్రీ ఒప్పుకున్నాను. తప్పులున్నాయని లాయర్ నోటీస్ పంపి డబ్బు కట్టమంటున్నారు. అరెస్ట్ చేస్తారా?

చేయరు. ఇది పాత మోసమే. చదవడానికి వీల్లేని స్కాన్ కాపీలు ఇచ్చి, అసాధ్యమైన ఖచ్చితత్వం కావాలని ఒప్పందం రాయించుకుంటారు. తర్వాత 'నష్టపరిహారం' అని బెదిరిస్తారు. పని ఒప్పందంలో తేడా వస్తే అది సివిల్ వ్యవహారం, దానికి పోలీసు ఫోన్ చేసి డబ్బు అడగడు. వీడియో కాల్‌లో కూర్చోబెట్టే 'డిజిటల్ అరెస్ట్' అనేది చట్టంలోనే లేదు, 2024 అక్టోబరు మన్ కీ బాత్‌లో ప్రధాని కూడా ఈ మాట చెప్పారు. ఒక్క రూపాయి కట్టకండి, 1930కి చెప్పండి.

మీ బ్యాంకు ఖాతా వాడుకోనిస్తే కమీషన్ ఇస్తామంటున్నారు. ఇందులో తప్పేముంది?

వేరేవాళ్లనుంచి దోచిన డబ్బు మీ ఖాతా గుండా పోతుంది. పోలీసులు మొదట వచ్చేది మీ దగ్గరికే. ఖాతా స్తంభింపజేస్తే మీ జీతం కూడా అందులోనే ఇరుక్కుంటుంది, కేసూ మీ మీదే పడుతుంది. ఖాతా, సిమ్, ఏటీఎం కార్డు ఎవరికీ ఇవ్వొద్దు, బంధువు అడిగినా సరే.

## ధర, డబ్బు చేతికి రావడం

ఎంత అడగాలో తెలియడం లేదు. ఎక్కువ చెబితే పోతారేమో?

మీ గంటకు ఎంత రావాలో ముందు తేల్చుకోండి. క్లాసు గంటే అయినా సిద్ధం కావడానికి అరగంట, తల్లిదండ్రులతో మెసేజ్‌లకు పావుగంట పోతుంది. 400 తీసుకుంటే అది గంటా ముప్పావుకు 400, అంటే గంటకు 230 లోపే. ఈ లెక్క వేశాక మీ ధర మీకే తక్కువనిపిస్తుంది. అదే నలుగురు పిల్లల్ని కలిపి ఒక్కొక్కరికి 250 పెడితే వాళ్లకూ తగ్గుతుంది, మీకూ వెయ్యి వస్తుంది. మొదటి ముగ్గురు నలుగురికి తక్కువకు చేయండి, కానీ "ఇది మొదటి నెల ధర" అని ముందే చెప్పండి. తర్వాత పెంచినప్పుడు ఎవరూ నొచ్చుకోరు.

తెలిసినవాళ్లు, చుట్టాలు ఉచితంగా చేసిపెట్టమంటారు. మొహమాటంగా ఉంటుంది.

ఒకసారి చేసిపెట్టండి, రెండోసారి ధరల మెసేజ్ పంపండి. ముఖాముఖి చెప్పలేని మాట రాతలో తేలిగ్గా చెప్పొచ్చు: "వదినా, ఇప్పుడు దీన్ని పనిగా చేస్తున్నాను, ధరలు ఇవి, మీకు పది శాతం తగ్గిస్తాను." ఆపైన వదిలేయండి. అడ్వాన్సుగా సగం తీసుకోవడం కూడా అందరి విషయంలో పాటించండి, అప్పుడు ఎవరినో అనుమానించినట్టు ఉండదు.

కొత్తవాళ్లకి డబ్బు పంపమంటే క్యూఆర్ కోడ్ పంపి స్కాన్ చేయమంటున్నారు. అలా వస్తుందా?

రాదు, పోతుంది. డబ్బు అందుకోవడానికి స్కాన్ చేయక్కర్లేదు, పిన్ కొట్టక్కర్లేదు. పిన్ అడిగిందంటే మీ ఖాతాలోంచి వెళ్తున్నట్టే.

అమెరికానుంచి డబ్బు ఎలా తెప్పించుకోవాలి?

పేపాల్, పయొనీర్ లాంటివి వాడుకోవచ్చు. వాళ్ల ఫీజు, డాలరు మార్పిడి రేటు రెండూ కలిపి ఎంత పోతోందో చూడండి, రేటులోనే ఎక్కువ తీసుకుంటారు. పేపాల్ ద్వారా మన దేశంలోని వాళ్లనుంచి తీసుకోవడం 2021 ఏప్రిల్‌లోనే ఆగిపోయింది, విదేశాలనుంచి మాత్రమే కుదురుతుంది. వచ్చిన ప్రతి మొత్తానికీ రసీదు పత్రం దాచుకోండి, పన్నుకు అవసరం. అక్కడి చుట్టం ఇండియా ఖాతానుంచి యూపీఐ చేస్తానన్నా అది మీ ఆదాయమే.

ఫ్రీలాన్స్ వేదికలనుంచి వస్తే వాళ్ల కోత కూడా ఉంటుంది. ఫైవర్ మీ సంపాదనలో 20 శాతం తీసుకుంటుంది. దాన్ని ధరలోనే కలుపుకోండి.

## పన్నులు

చిన్న మొత్తమే కదా, చూపించకపోతే ఏమవుతుంది?

చిన్నదైనా చూపించాలి. చెల్లించినవాళ్లు టీడీఎస్ (ముందుగానే పట్టుకునే పన్ను) కోస్తే అది మీ పాన్ మీద ఏఐఎస్‌లో, అంటే పన్ను శాఖ దగ్గర ఉండే మీ ఏడాది ఆదాయ వివరాల్లో, కనిపిస్తుంది. జీతం ఒక్కటే ఉన్నప్పుడు వేసే ఐటీఆర్-1 రిటర్ను ఇక కుదరదు, ఐటీఆర్-3 లేదా ఐటీఆర్-4 వేయాలి.

2025-26 ఆర్థిక సంవత్సరానికి కొత్త పన్ను విధానంలో మొత్తం ఆదాయం 12 లక్షల లోపైతే రిబేటు వల్ల పన్ను పడదు, జీతం ఉన్నవాళ్లకు 75,000 స్టాండర్డ్ డిడక్షన్ అదనం. మీ జీతమే 24 లక్షలు దాటి ఉంటే పక్క ఆదాయం మీద 30 శాతం, దానిమీద సెస్సు పడతాయి. ఆ భాగాన్ని వచ్చినరోజే పక్కన పెట్టేయండి.

లెక్కలు సులువు చేసే దారులున్నాయి. పొడులు, చీరల అమ్మకానికి సెక్షన్ 44ఏడీ కింద బ్యాంకు లేదా యూపీఐ ద్వారా వచ్చినదాంట్లో 6 శాతం, నగదులో 8 శాతం లాభంగా చూపొచ్చు. అకౌంటెన్సీ, సాంకేతిక సలహా, ఇంటీరియర్ డిజైన్ లాంటి వృత్తులకు 44ఏడీఏ కింద వచ్చినదాంట్లో సగం లాభంగా లెక్క. ట్యూషన్, అనువాదం ఆ జాబితాలో పేరుతో లేవు కాబట్టి మొదటి ఏడాది ఒక సీఏకి చూపించండి, ఆ ఫీజు వృథా కాదు. ఇవి 1961 ఆదాయపు పన్ను చట్టంలోని సెక్షన్ నంబర్లు. 2026 ఏప్రిల్ 1 నుంచి అమలయ్యే కొత్త చట్టంలో నంబర్లు వేరు.

పాత విధానం, కొత్త విధానం ప్రతి ఏడాదీ మార్చుకుంటున్నాను. ఇప్పుడూ కుదురుతుందా?

ఇక్కడ చాలామంది దెబ్బతింటారు. జీతం మాత్రమే ఉన్నవాళ్లు ఏటా మార్చుకోవచ్చు. వ్యాపార, వృత్తి ఆదాయం చూపించాక పాత విధానం ఎంచుకుంటే తిరిగి కొత్తదానికి ఒక్కసారే రాగలరు. హోమ్ లోన్ వడ్డీ, పీఎఫ్ లెక్కలు వేసుకుని తొందరపడకుండా నిర్ణయించుకోండి.

అడ్వాన్స్ ట్యాక్స్ అంటే ఏమిటి? నేనూ కట్టాలా?

టీడీఎస్ పోగా ఏడాదికి కట్టాల్సిన పన్ను 10,000 లేదా అంతకన్నా ఎక్కువైతే, దాన్ని ఏడాది ముగియకముందే వాయిదాల్లో కట్టాలి. జూన్, సెప్టెంబరు, డిసెంబరు, మార్చి నెలల్లో 15వ తేదీలోపు వాయిదాలు. 44ఏడీ, 44ఏడీఏ వాడేవాళ్లు మార్చి 15లోపు ఒకేసారి కడితే చాలు. ఇంకో సులువు దారి, మీ పక్క ఆదాయాన్ని ఆఫీసులో చెప్పి జీతంలోనే ఎక్కువ టీడీఎస్ కోయించుకోవడం. అయితే దీంతో ఆ ఆదాయం సంగతి ఆఫీసుకు తెలుస్తుంది.

జీఎస్టీ రిజిస్ట్రేషన్ కావాలా?

సేవలైతే ఏడాదికి 20 లక్షలు దాటేదాకా అక్కర్లేదు, జీతం ఈ లెక్కలోకి రాదు. సరుకులకు కర్ణాటకలో 40 లక్షలు. కానీ సరుకును వేరే రాష్ట్రానికి అమ్మితే ఈ మినహాయింపు పనిచేయదు. అంటే బెంగళూరునుంచి హైదరాబాదులో ఉన్న కస్టమర్‌కి పొడులు పంపేముందు సీఏని అడగాలి. ఉద్యమ్ (చిన్న వ్యాపారాల నమోదు) రిజిస్ట్రేషన్ కావాలంటే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఉచితం. డబ్బు అడిగిన సైటు అసలుది కాదు.

## ఇంట్లో

"జీతం చాలదా, ఎందుకీ తాపత్రయం?" అని అత్తగారు అంటున్నారు. ఏం చెప్పాలి?

వాదించకండి, ఆ డబ్బు దేనికో చెప్పండి. "పాప సంగీతం ఫీజు నా క్లాసుల డబ్బుతోనే కడదామనుకుంటున్నాను అత్తయ్యా" అంటే మాట మారుతుంది. ఆ రెండు గంటలు పిల్లల్ని చూసుకోమని అడగండి. సాయం చేసినవాళ్లకు అది తమ పని కూడా అనిపిస్తుంది. పొడుల పనైతే వాళ్ల చేతి కొలతలు మీకు పెద్ద ఆస్తి. వాళ్లకూ వాటా ఇవ్వండి, నిజంగానే.

భర్తతో మాత్రం పనుల పంపకం స్పష్టంగా మాట్లాడుకోవాలి. మీరు క్లాసులో ఉన్నప్పుడు పిల్లాడి అన్నం ఎవరు పెడతారు, గిన్నెలు ఎవరు చూస్తారు అన్నది తేలకపోతే ఇది మీకు మూడో షిఫ్టు అవుతుంది.

సంపాదించిన డబ్బు ఇంటి ఖర్చుల్లో కలిసిపోతోంది, ఏమీ కనిపించడం లేదు.

మీ ఒక్కరి పేరుతో వేరే సేవింగ్స్ ఖాతా తెరిచి, పక్క ఆదాయమంతా అందులోకే తీసుకోండి. పన్ను లెక్కకూ అది సులువు. అందులోంచి పన్ను భాగం, పని ఖర్చులు పోగా మిగిలినదాన్ని మీరు అనుకున్నదానికి వాడండి. పదేళ్లలోపు ఆడపిల్ల ఉంటే సుకన్య సమృద్ధి ఖాతా ఏడాదికి 250 రూపాయలతో కూడా నడుస్తుంది, గరిష్ఠంగా లక్షన్నర వేయొచ్చు.

క్లాసు మధ్యలో కరెంటు పోతుంది, పిల్లాడు వచ్చి ఏడుస్తాడు. టెన్షన్‌గా ఉంటుంది.

రౌటర్‌కి చిన్న యూపీఎస్ పెట్టుకోండి, ఫోన్ హాట్‌స్పాట్ సిద్ధంగా ఉంచుకోండి. పిల్లాడి విషయం మొదటి రోజే తల్లిదండ్రులకు చెప్పండి, వాళ్లూ తల్లిదండ్రులే. రద్దైన క్లాసు ఎప్పుడు పెడతారో కూడా ముందే చెప్పి ఉంచండి.

ఎప్పుడు మానేయాలి?

మూడు నెలలకొకసారి ఒక కాగితం తీసుకుని గంటకు ఎంత మిగిలిందో, ఎన్ని రాత్రులు నిద్ర తగ్గిందో, ఇంట్లో ఎన్నిసార్లు విసుక్కున్నారో రాయండి. పరీక్షల నెలల్లో, ఆఫీసులో రిలీజ్‌లు ఉన్నప్పుడు, ఇంట్లో పెద్దవాళ్లకు ఒంట్లో బాగాలేనప్పుడు క్లాసులు ఆపండి. "జూన్‌లో మళ్లీ మొదలుపెడతాను" అని ఒక మెసేజ్ పెడితే మంచి కస్టమర్లు ఆగుతారు. గంటకు మిగిలేది తగ్గుతూ, అలసట పెరుగుతూ రెండు సార్లు వరుసగా కనిపిస్తే ఆ పని వదిలేసి, తక్కువమందితో ఎక్కువ ధరకు చేసే పనికి మారండి.